మా బా సైకిలును పొగడొద్దు, మా దారి చూడండి

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న మా హాస్టల్ గదిలో అందరం కలిసి ఒక వీడియో చూశాం. ఎవరో తండ్రీ కొడుకులు గేరు సైకిళ్ళ మీద కొండలెక్కుతూ వందల కిలోమీటర్లు పోతున్నారు. చూడ్డానికి చాలా బాగుంది. అప్పుడు ఒకమ్మాయి మెల్లగా అంది, "మా నాన్న కూడా ఇట్టాగే తొక్కాడు, కాకపోతే ఎవరూ వీడియో తియ్యలేదు" అని. గదిలో ఉన్న ఆరుగురిలో నలుగురికి ఇట్టాంటి కథే ఉంది. మాదీ చెప్తాం.

మాది మాచర్ల అవతల, వెల్దుర్తి మండలంలో ఒక తండా. 2020 మార్చిలో మేమూ, మా కాకా కూతురూ ఇద్దరం పదో తరగతి. హాస్టలేమో ఎర్రగొండపాలెం దాటాక, నల్లమల పక్కన. 19 నుంచి బడులు మూసేసినా, పరీక్షలున్నాయని పదో తరగతి వాళ్ళను ఉంచారు. 22న జనతా కర్ఫ్యూ. ఆ తర్వాత బస్సులే లేవు. పరీక్షలు వాయిదా పడ్డాక ఇళ్ళకు పొమ్మన్నారు. ఎట్టా పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

రెండు రోజులకు పొద్దున్నే గేటు దగ్గర మా బా, కాకా నిలబడి ఉన్నారు. పక్కన రెండు పాత సైకిళ్ళు. నిజం చెప్పాలి, మాకు సంతోషం కన్నా ముందు సిగ్గేసింది. కొందరి నాన్నలు బండ్ల మీద వచ్చారు మరి. "ఎవరే ఆయన?" అని ఒకమ్మాయి అడిగితే "మా ఊరాయన" అన్నాం. బా విన్నాడో లేదో ఈ రోజుకీ అడగలేదు.

పెట్టెలు క్యారేజీకి తాళ్ళతో కట్టారు. మేం ముందు కడ్డీ మీద. మిట్ట వస్తే దిగి నడవడం, వాళ్ళు సైకిలు నెట్టడం. పల్లం వస్తే ఎక్కడం. బా సైకిలుకు బ్రేకు కట్టలు అరిగిపోయి ఉంటే, చెప్పు టైరుకు ఆనించి ఆపుకుంటూ వచ్చాడు. ఒక పక్క అడవి, ఇంకో పక్క గుట్టలు, మధ్యలో మనిషి లేని రోడ్డు. యాడి కట్టిచ్చిన జొన్న బాటీలు, పచ్చిమిరప కారం ఒక చెట్టు కింద తిన్నాం. చీకటి పడ్డాక తండా చేరాం. మిరపకాయ కోతల రోజులవి. బాకు రెండు రోజుల కూలి పోయింది. మేం రాయాల్సిన పరీక్షలు చివరికి రద్దే అయ్యాయి.

ఆ ఏడాది మే నెలలోనే బీహార్ అమ్మాయి జ్యోతి కుమారి, దెబ్బ తగిలిన తండ్రిని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగాకు దాదాపు 1200 కిలోమీటర్లు తొక్కింది. ఆమెకూ మాలాగే పదిహేనేళ్ళు. అమెరికా నుంచి ఇవాంకా ట్రంప్ దాకా మెచ్చుకున్నారు, తర్వాత బాల పురస్కారం కూడా వచ్చింది. 2021 మే 31న ఆ తండ్రి గుండెపోటుతో చనిపోయాడు. అంతకు ముందే 2020 ఏప్రిల్‌లో, బోధన్ టీచరమ్మ రజియా బేగం స్కూటీ మీద నెల్లూరు దాకా పోయి కొడుకును తెచ్చుకుంది. రానూపోనూ సుమారు 1400 కిలోమీటర్లు. ఆమె చేతిలో పోలీసుల అనుమతి పత్రం ఉంది. జ్యోతికి, మా బాకు అట్టాంటి కాగితం కోసం ఎవర్నడగాలో కూడా తెలీదు.

ముగ్గురికీ దండం పెడతాం. కానీ మా మాట ఒకటే. బిడ్డ కోసం తండ్రి కొండలు దాటడం గొప్పే. దాటాల్సి రావడం గొప్ప కాదు. ఇష్టమైతే తొక్కేది సాహసం. బస్సు లేక తొక్కేది సాహసం కాదు, అవసరం. రెండిటికీ ఒకే చప్పట్లు కొడితే, బస్సు వెయ్యాల్సిన వాళ్ళు హాయిగా ఉంటారు.

సైకిలు మీద మాకు కోపం లేదు. బీహార్‌లో 2006 నుంచి హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కలు కట్టి చూస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. బడి మూడు కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్ళలోనే ఎక్కువ మేలు జరిగింది. అంటే చదువు మీద ఇష్టం ముందే ఉంది, అడ్డం వచ్చింది దూరమే. మన దగ్గర కూడా 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. మంచిదే. అయితే అయిదు కిలోమీటర్లకు సైకిలు చాలు. తండాకూ హాస్టలుకూ మధ్య అడవి, గుట్టలు ఉన్నప్పుడు సైకిలు ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు.

అందుకే మేం అడిగేవి రెండే. ఒకటి, హాస్టళ్ళకు సెలవులిచ్చే రోజు, తెరిచే రోజు తండాలకు, గూడేలకు, ఎరుకల, యానాది కాలనీలకు దగ్గరి రోడ్డు దాకా బస్సు వెయ్యాలి. రెండు, ఉన్నట్టుండి మూసేస్తే పిల్లల్ని ఇంటికి చేర్చే బాధ్యత హాస్టలుదే అని కాగితం మీద రాయాలి. అది మా నాన్నల కాళ్ళ మీద పెట్టకూడదు.

చివరగా మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఇప్పుడు మేం నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్నాం. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. పోయినసారి బా అదే సైకిలు మీద బస్టాండుకొచ్చి మా సంచి అందుకున్నాడు. పక్కనున్న స్నేహితురాలు ఎవరని అడిగితే "మా బా" అని చెప్పాం. అయిదేళ్ళు పట్టింది ఆ మాటకు. మీరు అన్నేళ్ళు ఆగకండి.

ఇట్లు,
పల్నాడు హాస్టల్ పిల్లలం