మారథాన్ అయింది సరే, యాభై కిలోమీటర్లకు అంత తొందరెందుకు?

సెప్టెంబరు మొదటి వారంలో ఒక సోమవారం ఉదయం మా ఎముకల ఓ.పి.కి ఒక తల్లి, ఆమె కుమారుడు వచ్చారు. ఇద్దరూ మన సంఘ కుటుంబాలలోని వారే. అబ్బాయి బడిలో లెక్కల మాస్టారు. వారం క్రితమే హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలుపెట్టి గచ్చిబౌలి స్టేడియం వరకు 42.195 కిలోమీటర్లు పరుగెత్తి మెడల్ తెచ్చుకున్నాడు. మెడల్‌తో పాటు ఒక నొప్పిని కూడా తెచ్చుకున్నాడు. మోకాలి కింద ముందువైపు ఎముక మీద ఒక్కచోట వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోతోందని చూపించాడు.

“డిసెంబరులో 50 కిలోమీటర్ల పరుగుకు డబ్బు కూడా కట్టేశాను డాక్టరుగారూ. ఇంకో ఎనిమిదే కదా ఎక్కువ! నొప్పికి ఏదైనా మాత్ర రాసివ్వండి, చాలు” అన్నాడు.

“మాత్ర కాదండీ, అసలు మానేయమని రాసివ్వండి. షుగరు నాకుంటే ఈ ఉరుకులు వాడికెందుకు?” అన్నది తల్లి.

నేను ఆ రెండూ రాసివ్వలేదు. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఈ మధ్య మన యువకులలో, నడివయసు వారిలో కూడా పరుగు మీద ఆసక్తి పెరుగుతోంది. అది సంతోషించవలసిన విషయమే. కాని ఒక మారథాన్ ముగియగానే దానికంటే పెద్దదాని మీద కన్ను పడుతోంది. పెద్ద పరుగు తప్పు కాదు, తొందరే తప్పు అని నా అభిప్రాయం.

మారథాన్ కంటే పొడవైన ఏ పరుగునైనా అల్ట్రా మారథాన్ అంటారు. వీటిలో చాలా పాతది, పేరుపొందినది దక్షిణాఫ్రికాలో జరిగే కామ్రేడ్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకార్థం విక్ క్లాఫామ్ అనే మాజీ సైనికుడు 1921లో దీనిని ప్రారంభించాడు. పీటర్‌మారిట్జ్‌బర్గ్, డర్బన్ నగరాల మధ్య కొండదారిలో సుమారు 90 కిలోమీటర్లు. డర్బన్ మనకు తెలియని ఊరేమీ కాదు. 1860 నుండి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ ఆ ప్రాంతంలో ఉంది. మొదటి సంవత్సరం 34 మంది బయలుదేరితే పూర్తి చేసినవారు 16 మందే.

ఇప్పుడు ఆ పోటీలో వేలమంది పాల్గొంటున్నారు. అయినా ముందుగా ఒక మారథాన్‌ను నిర్ణీత సమయంలో ముగించిన రుజువు చూపనిదే ప్రవేశం లేదు. దారిలో అక్కడక్కడ గడువులు ఉంటాయి. ఆ వేళకు చేరనివారిని ఆపేస్తారు. మొత్తం 12 గంటలు కాగానే తుపాకి పేలుతుంది, గీత మూసేస్తారు. ఒక్క సెకను ఆలస్యమైనా మెడల్ లేదు. నూరేళ్లు దాటిన ఈ పోటీ మారథాన్‌ను ఎలా చూస్తున్నదో గమనించండి. అక్కడ మారథాన్ ఒక దరఖాస్తు మాత్రమే. చదువు ఆ తరువాత మొదలవుతుంది.

ఇక “ఇంకో ఎనిమిదే కదా” అన్న లెక్క. మన మాస్టారు లెక్కలలో దిట్టే గాని, శరీరము ఆ లెక్క ఒప్పుకోదు. కండరాలు, గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాలలోనే బలపడతాయి. ఎముకలు, స్నాయువులు అంత త్వరగా బలపడవు. ఎక్కువ బరువు పడినప్పుడు ఎముక ముందు తన పాత భాగాన్ని కొంత తీసివేసి, ఆ తరువాత కొత్త ఎముకతో నింపుకుంటుంది. ఇందుకు మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. ఇల్లు బాగుచేసేటప్పుడు పాత గోడ కూల్చి కొత్త గోడ ఇంకా లేవని రోజులు ఉంటాయి కదా! ఆ రోజులలోనే మనవాడు ఇంకా ఎక్కువ పరుగెత్తితే సన్నని పగులు వస్తుంది. దీనినే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాము. మొదటి వారాలలో ఇది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. “ఎక్స్‌రే బాగానే ఉంది” అని పరుగెత్తి, చివరకు ఎముక విరిగి వచ్చినవారిని చూశాను. ఈ అబ్బాయికి ఎం.ఆర్.ఐ. తీయిస్తే పగులుకు ముందు దశ బయటపడింది. ఎనిమిది వారాలు పరుగు బంద్ అన్నాను. డిసెంబరు పోయింది, కట్టిన డబ్బు కూడా పోయింది. కొన్నాళ్లు నామీద కోపంగానే ఉన్నాడు. ఆదివారం ఎదురుపడినా పలకరింపు ముక్తసరిగానే ఉండేది.

ఆ మాత్ర ఎందుకు ఇవ్వలేదో కూడా చెప్పాలి. నొప్పి శరీరము చేసే హెచ్చరిక. దానిని మాత్రతో నోరు మూయించి గంటల తరబడి పరుగెత్తడం ప్రమాదం. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, 80 కిలోమీటర్ల పరుగులో కొందరికి నాలుగు గంటలకొకసారి ఇబుప్రొఫెన్ మాత్ర, మిగిలినవారికి మందులేని ఉత్త మాత్ర ఇచ్చారు. ఇబుప్రొఫెన్ వేసుకున్నవారిలో 52 శాతం మందికి, ఉత్త మాత్ర వారిలో 34 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్న సూచనలు రక్తపరీక్షలో కనిపించాయి. అంటే పరుగే మూత్రపిండాలకు భారం, మాత్ర ఆ భారాన్ని పెంచుతుంది. డైక్లోఫెనాక్ కూడా ఈ జాతి మందే. పరుగుకు ముందు గాని, పరుగులో గాని వీటిని వాడవద్దు.

నీళ్ల విషయంలో కూడా ఒక అపోహ ఉంది. ఎన్ని తాగితే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మందికి రక్తపరీక్ష చేయగా 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. ముగ్గురిలో అది ప్రాణాపాయ స్థాయికి పడిపోయింది. పరుగులో తాగుతూ బరువు పెరిగినవారిలోనే ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. దాహం వేసినప్పుడు తాగండి, దాహానికి సరిపడా తాగండి. పరుగు తరువాత తలనొప్పి, వాంతులు, చేతివేళ్లు ఉబ్బడం, మాట తడబడటం ఉంటే ఇంకా నీళ్లు పట్టించకుండా ఆసుపత్రికి తీసుకురండి.

మరి ఎలా సిద్ధపడాలి? మా మాస్టారుకు చెప్పినదే మీకూ చెబుతున్నాను.

1. మారథాన్ తరువాత మూడు నాలుగు వారాలు తేలికగా ఉండండి. మొదటి వారం నడక చాలు. మొదటి అల్ట్రాకు కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది వ్యవధి పెట్టుకోండి.

2. వారానికి పరుగెత్తే దూరాన్ని కొద్దికొద్దిగా పెంచండి. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించండి. ఎముక నిండేది ఆ తగ్గించిన రోజులలోనే.

3. సాధనలో 50 కిలోమీటర్లు పరుగెత్తనవసరం లేదు. శనివారం 25, మరునాడు 15 కిలోమీటర్లు నెమ్మదిగా చేస్తే అలసిన కాళ్లతో సాగడం అలవాటవుతుంది. చివరి రెండు మూడు వారాలు బాగా తగ్గించండి.

4. నడక నేర్చుకోండి. ఇరవై అయిదు నిమిషాలు పరుగు, అయిదు నిమిషాలు నడక అని మొదటి నుండే పాటించండి. ఎత్తులు నడిచి ఎక్కండి. దిగేటప్పుడు తొడల కండరాలకు ఎక్కువ దెబ్బ తగులుతుంది గనుక దిగుడు కూడా సాధన చేయండి.

5. తినడం నేర్చుకోండి. ఒక కిలోమీటరు పరుగుకు మన బరువు ఎన్ని కిలోలో దాదాపు అన్ని కేలరీలు ఖర్చవుతాయి. 60 కిలోల మనిషికి 50 కిలోమీటర్లకు 3,000 కేలరీలు. ఒంట్లో పిండిపదార్థం రూపంలో నిల్వ ఉండేది సుమారు 2,000 కేలరీలే. అందుచేత గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఉప్పు వేసి ఉడికించిన బంగాళాదుంప, ఉప్పు గంజి కూడా మంచివే. ఏదైనా ముందు సాధనలో తిని చూడండి. పోటీ రోజున కొత్త తిండి వద్దు, కొత్త బూట్లు వద్దు.

6. నలభై దాటినవారు, బి.పి., షుగరు ఉన్నవారు, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు ముందుగా ఇ.సి.జి. తీయించుకుని వైద్యుని సలహా తీసుకోండి. స్త్రీలు రక్తహీనత పరీక్ష కూడా చేయించుకోండి.

7. ఆపడం నేర్చుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, టీ డికాక్షన్ రంగులో మూత్రం, అడుగు వేస్తే ఒకేచోట ఎముక నొప్పి. వీటిలో ఏది వచ్చినా ఆగిపోండి. ఎండలో పరుగెత్తేవాడు తికమకగా మాట్లాడితే వడదెబ్బ అనుకుని, ముందు నీడకు చేర్చి నీళ్లతో ఒళ్లు తడిపి విసురుతూ, ఆ తరువాత ఆసుపత్రికి తీసుకురండి.

ఈ చివరిది అన్నిటికంటే కష్టం. 2021 మే నెలలో చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగు జరుగుతుండగా వాతావరణం ఒక్కసారిగా మారింది. వడగళ్లు, చలివాన, ఈదురుగాలి. 21 మంది చలికి చనిపోయారు. వారిలో ఆ దేశంలో పేరున్న పరుగు వీరులు కూడా ఉన్నారు. అనుభవం ఉన్నవారికే అలా జరిగితే, ఒక్క మెడల్ ఉన్నవారి సంగతి చెప్పాలా? సగంలో ఆపి ఇంటికి వచ్చినవాడు మళ్లీ పరుగెత్తగలడు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. “మానేయ్” అంటే పిల్లలు మానరు, మీకు చెప్పకుండా పరుగెత్తుతారు. దానికంటే “ఎక్కడ నొప్పి? ఈ వారం ఎంత దూరం? ఏం తిన్నావు? ఎన్ని గంటలు నిద్రపోయావు?” అని అడగండి. అడిగేవారు ఉన్న ఇంట్లో దాచిపెట్టడం తగ్గుతుంది.

పరుగు మాకెందుకులే అనుకునే పాఠకులకు కూడా ఇది వర్తిస్తుంది. ఆపరేషన్ తరువాత లేచి నడిచేవారు, షుగరుకు నడక మొదలుపెట్టినవారు మొదటి వారమే గంట నడిచి, మడమ నొప్పితో నెలరోజులు మంచం మీద ఉంటున్నారు. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి కొంత పెంచండి. పద్ధతి అదే, దూరమే వేరు.

మాస్టారు నవంబరులో మళ్లీ వచ్చాడు. నొక్కితే నొప్పి లేదు. ఎగిరితే నొప్పి లేదు. మొదటి నెల నడకే ఎక్కువ, పరుగు తక్కువ అన్నాను. “ఒంటరిగా నడవాలంటే విసుగండీ” అన్నాడు. తోడు ఎవరో నేనే చెప్పాను. ఇప్పుడు సాయంత్రం తల్లీ కొడుకూ కలిసి అరగంట నడుస్తున్నారు. ఆమెకు షుగరు కొంత అదుపులోకి వచ్చింది. అతనికి నెమ్మది అలవాటవుతోంది. మొన్న ఆమె నన్ను ఆపి, “వచ్చే డిసెంబరుకు వెళ్తాడట. వెళ్లనిమ్మంటారా?” అని అడిగింది.

“వెళ్లనివ్వండమ్మా, ఈసారి సిద్ధపడి వెళ్తున్నాడు” అన్నాను.