పెళ్లికూతురి మాటకు తొమ్మిది వందల ఏళ్ల చట్టం

ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో విడాకులు తీసుకున్న క్యాథలిక్ దంపతులు శ్రీసభ లెక్కలో ఇంకా భార్యాభర్తలే. వాళ్లలో ఎవరైనా మళ్లీ చర్చిలో పెళ్లాడాలంటే, ఆ మొదటి పెళ్లి అసలు చెల్లనే లేదని శ్రీసభ ట్రిబ్యునల్ తేల్చాలి. అటు ట్రిబ్యునల్ తీర్పు ఒక్కటే చేతిలో ఉంటే కోర్టు ఒప్పుకోదు. 1996లో మోలీ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. శ్రీసభ తీర్పులకు చట్టబద్ధత ఇవ్వాలని క్లారెన్స్ పాయిస్ వేసిన పిటిషన్‌ను 2017లో కొట్టేసింది. ఒకే పెళ్లికి రెండు చోట్ల తిరగడం భారమే, కాదనను. అయితే ఆ రెండు చోట్లా అడిగే ప్రశ్న ఒకటి కాదు. విడాకుల కేసులో కోర్టు చూసేది పెళ్లయ్యాక జరిగిన హింస, వదిలేయడం, వ్యభిచారం వంటివి. ట్రిబ్యునల్ చూసేది పెళ్లి రోజును: ఆ ఇద్దరూ మనస్ఫూర్తిగా, నిజం తెలిసి, బెదురు లేకుండా ఒప్పుకున్నారా? కాపురం కూలాక ఇంత శ్రద్ధగా అడిగే ఈ ప్రశ్నను పెళ్లికి ముందు మన విచారణల్లో (పారిష్‌లలో) అంత గట్టిగా అడగాలన్నదే నా వాదన.

ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. 1140 ప్రాంతంలో బొలోన్యాలో గ్రేషియన్ అనే పండితుడు అంతకుముందు వెయ్యేళ్లుగా పోగుపడిన సభల తీర్మానాలను, పోపుల ఉత్తర్వులను ఒకచోట చేర్చి, వాటి మధ్య వైరుధ్యాలను విప్పే ప్రయత్నం చేశాడు. ఇష్టం లేని స్త్రీని ఎవరికీ కట్టబెట్టకూడదన్నది అందులో ఆయన తేల్చిన విషయాల్లో ఒకటి. తర్వాత మూడో అలెగ్జాండర్ పోపు పెళ్లిని నిలబెట్టేది వధూవరుల సమ్మతేనని స్థిరపరిచాడు. 1234లో తొమ్మిదో గ్రెగరీ పోపు వెలువరించిన సంకలనంతో ఆ తీర్పులు ఐరోపా అంతటా చట్టమయ్యాయి. అసలు పరీక్ష ట్రెంట్ మహాసభలో ఎదురైంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెళ్లాడిన పిల్లలకు ఆస్తి లేకుండా చేసే అధికారాన్ని ఫ్రాన్స్ రాజు అప్పటికే 1556 శాసనంతో ఇచ్చేశాడు. అలాంటి పెళ్లిళ్లు అసలు చెల్లకూడదని ఆ సభలోనూ ఫ్రాన్స్ పట్టుబట్టింది. రహస్య వివాహాలతో విసిగిపోయిన సభ, 1563లో గురువు, ఇద్దరు సాక్షులు ఉండి తీరాలంది. తల్లిదండ్రుల అనుమతిని మాత్రం షరతుగా పెట్టలేదు. అంత ఒత్తిడిలో కాదనగలగడం చిన్న విషయం కాదు. ఆ దారే శ్రీసభ 1917 చట్టస్మృతిలోనూ, ఇప్పుడు అమల్లో ఉన్న 1983 స్మృతిలోనూ సాగింది. సమ్మతి ఇవ్వాల్సింది వధూవరులే, వారి బదులు ఏ మానవ శక్తీ ఇవ్వలేదని 1057వ సూత్రం అంటుంది. మోసపుచ్చి పొందిన సమ్మతి చెల్లదనే 1098వ సూత్రం 1983లో కొత్తగా వచ్చింది. సంబంధం కుదిరేందుకు జబ్బును దాచడం చూసిన తెలుగువాళ్లకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇదంతా ఐరోపా గొడవ, పెద్దలు కుదిర్చే మన సంప్రదాయానికి పొసగదని కొందరంటారు. కానీ పెద్దల పెత్తనం ఐరోపాకూ సంప్రదాయమే. శ్రీసభ చట్టం అక్కడ కూడా దానికి ఎదురు నిలిచింది. పెద్దలు సంబంధం చూడటాన్ని అది తప్పుపట్టదు, కాదనే హక్కు పిల్లలకు ఉండాలంటుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకుంటూ ఉద్యోగం ఏదో తామే తేల్చుకుంటున్న అమ్మాయిలకు పెళ్లి దగ్గరికొచ్చేసరికి కులం, కట్నం, నాన్న పరువు కలిసి జవాబు ముందే రాసిపెడితే, అది సమ్మతి కాదు. తల్లిదండ్రుల మీది భయభక్తులు కూడా శ్రుతిమించితే 1103వ సూత్రం చెప్పే తీవ్ర భయం కిందికి రావచ్చని శ్రీసభ న్యాయపండితులు ఎప్పటినుంచో అంగీకరిస్తున్నారు.

ఇంకో అభ్యంతరం బలమైనది. ఇలా తవ్వుతూ పోతే ఏ పెళ్లీ నిలవదని, ఇది దొడ్డిదారి విడాకులేనని. పోపు ఫ్రాన్సిస్ 2015లో రెండో ట్రిబ్యునల్ ధ్రువీకరణ తప్పనిసరి కాదన్నప్పుడు ఈ విమర్శ మరింత పెరిగింది. కానీ తీసేసింది ఆ రెండో మెట్టునే. సాక్ష్యాలు, వివాహబంధం తరఫున వాదించే అధికారి, న్యాయమూర్తికి కలగాల్సిన నైతిక నిశ్చయం అలాగే ఉన్నాయి. అప్పీలు హక్కూ ఉంది. పైగా పెళ్లికి ముందే గట్టిగా అడిగితే ట్రిబ్యునల్ దాకా వెళ్లే జంటలు తగ్గుతాయి. అలాగని ట్రిబ్యునల్ తీర్పుకే కోర్టు ముద్ర వేయాలని నేననను. భరణం, పిల్లల సంరక్షణ, ఆస్తి దేశ చట్టం చేతిలోనే ఉండాలి.

పెళ్లికి అడ్డంకులేవీ లేవని ముందే నిర్ధారించుకోవాలని 1066వ సూత్రం ఆదేశిస్తోంది. ఆదివారం ప్రకటన చదివి, ఫారంపై సంతకాలు తీసుకున్నంత మాత్రాన ఆ పని పూర్తికాదు. విచారణ గురువు అమ్మాయితో విడిగా, అబ్బాయితో విడిగా, తల్లిదండ్రులు గదిలో లేకుండా మాట్లాడాలి. కట్నం సంగతి అడగాలి, జబ్బుల సంగతి అడగాలి. ఇష్టం లేదని చెబితే ఆ మాట బయటికి పొక్కకుండా పెళ్లి ఆపే బాధ్యత తాను తీసుకోవాలి. దీనికి రోమ్ నుంచి కొత్త ఉత్తర్వేమీ అక్కర్లేదు. హైదరాబాద్ అగ్రపీఠం ఈ ఏడాది పెళ్లిళ్ల నుంచే మొదలుపెట్టవచ్చు.