పూనకమూ భాషలూ ఒకటి కాదు

సంపాదకులకు,

గత సంచికలోని వ్యాసం నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జరిగే అన్యభాషల ప్రార్థనను శివసత్తుల పూనకంతో ఒకే గాటన కట్టేసింది. తేడా చెవికే తెలుస్తుంది. శివసత్తు ఊగుతూ పలికేది తెలుగే: బోనం ఎందుకు మరిచారని నిలదీస్తుంది, ఎదుటివాళ్లు "తప్పయింది తల్లీ" అంటారు. భాషల ప్రార్థనలో బదులిచ్చేవారే ఉండరు. కళ్లు మూసి, చేతులెత్తి, వెనక కీబోర్డు మోగుతుంటే అక్షరాలు జల్లుగా రాలతాయి. అయిపోగానే అలా ప్రార్థించిన అమ్మే చెంగుతో మొహం తుడుచుకుని, "బస్సుందా అక్కా?" అని పక్కామెను అడుగుతుంది.

భాషల ప్రార్థన మైమరపేనని మానవశాస్త్రవేత్త ఫెలిసిటాస్ గుడ్‌మన్ 1972లో వాదించారు. దానికి మైమరపు అక్కర్లేదని, మాట్లాడేవారు తమకు అలవాటైన ధ్వనులనే కొత్తగా కూరుస్తారని అదే ఏడాది భాషాశాస్త్రవేత్త విలియం సమారిన్ అన్నారు. వ్యాసకర్త మొదటి మాటనే పట్టుకున్నారు.

ఇక్కడి క్రైస్తవులందరికీ ఈ అలవాటు అంటగట్టడమూ తప్పే. నల్లగొండలో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, ఆ తర్వాత నాగర్‌కర్నూలు, దేవరకొండల్లో అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు నాటింది పాట, వాక్యం, ప్రసంగం. భాషల ప్రార్థనను తెచ్చిన పెంతెకొస్తు ఉద్యమం వేరే పాయ: 1906 నాటి లాస్ ఏంజెలెస్ అజూసా వీధి కూటాలు, పుణె దగ్గరి కేడ్గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో 1905లో రేగిన ఉజ్జీవం.

భాషల్లో పలికేవారు ఇద్దరు, మహా అయితే ముగ్గురే ఉండాలి, అదీ వంతులవారీగా పలకాలి. అర్థం చెప్పేవారు లేకుంటే సంఘంలో మౌనం. బైబిల్లో కొరింథీయులకు పౌలు పెట్టిన షరతు ఇది. మైకు చేతికొచ్చాక అది గుర్తుండేది తక్కువ. వ్యాసకర్త నిలదీయాల్సింది అక్కడ.

– ఒక పాఠకుడు, దేవరకొండ