గుగ్గిళ్ల మీద గుడ్డి నమ్మకం

గడ్డి పొట్ట నింపడానికి, దాణా బలానికి. గుర్రాలు కట్టుకున్న ఏ ఇంటికి వెళ్లినా వినిపించే మాట ఇదే. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాళ్లు, సవారీ నేర్పే క్లబ్బులవాళ్లు, సరదాకి ఫామ్‌హౌస్‌లో ఒకటో రెండో పెంచుకునేవాళ్లు, పందెపు గుర్రాల దగ్గర పనిచేసే సాయీసులు, అందరూ దీన్ని నమ్ముతారు. నమ్మి ఉలవ గుగ్గిళ్లు, నానబెట్టిన శనగలు బకెట్ల కొద్దీ పెడతారు. తవుడు కలుపుతారు, పైన బెల్లం వేస్తారు. గడ్డి మాత్రం దొరికితే దొరికినంత. ఇది ప్రేమ లేక చేసే పని కాదు. ఇంట్లో పిల్లలకు కొనని శనగలు గుర్రానికి కొనేవాళ్లు ఉన్నారు. అంత ప్రేమగా పెట్టే తిండే ఆ జంతువు ప్రాణం మీదికి తెస్తోంది కాబట్టే ఈ నమ్మకాన్ని ఖండించాల్సి వస్తోంది.

గుర్రం ఒళ్లు చూసి దాని జీర్ణాశయం కూడా పెద్దదనుకుంటాం. నిజానికి అది 8 నుంచి 15 లీటర్లు పట్టే చిన్న సంచి. మొత్తం జీర్ణమార్గంలో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో తిన్నా తినకపోయినా, రాత్రీ పగలూ ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని విరిచేది లాలాజలం, అదేమో నమిలినప్పుడే వస్తుంది. కిలో ఎండుగడ్డి తినడానికి గుర్రానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది, 3,000 సార్లకు పైగా నములుతుంది. అదే కిలో ఓట్స్ పది నిమిషాల్లో, 1,000 సార్లు నమిలేలోపే అయిపోతాయి. అంటే దాణా బకెట్ ఖాళీ చేసిన గుర్రం మిగతా గంటలన్నీ నోరాడించడానికి ఏమీ లేక, ఊరే ఆమ్లాన్ని విరిచే లాలాజలం లేక నిలబడి ఉంటుంది. జీర్ణాశయం పైభాగంలో మ్యూకస్ పొర ఉండదు, పుండ్లు పడేది అక్కడే. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాలకు ఎండోస్కోపీ చేసి చూసిన చాలా చోట్ల పదింట ఎనిమిదింటికి, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ వాటికి పుండ్లు కనిపించాయి. మేత మధ్యలో వదిలేయడం, జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వంచి కరవబోవడం, ఒళ్లు చేయకపోవడం ఈ పుండ్ల గుర్తులు కావచ్చు. మనవాళ్లు దానికి పొగరు అని పేరు పెట్టి కళ్లెం బిగిస్తారు.

గడ్డిలో బలం లేదన్న మాటకు జవాబు దొరికేది వెనక పేగులో. గుర్రం ఆవులా నెమరు వేయదు. గడ్డిని పులియబెట్టే ఏర్పాటు దానికి చిన్నపేగు దాటాక ఉంటుంది. అంధనాళం, పెద్దపేగు కలిపి 100 లీటర్లకు పైనే పడతాయి. అక్కడి సూక్ష్మజీవులు పీచును విరిచి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. గడ్డి మేసే గుర్రానికి శక్తిలో సింహభాగం వచ్చేది వాటినుంచే. పచ్చిక బయలులో వదిలేసిన గుర్రం రోజుకు 14, 16 గంటలు మేస్తుందంటే అది తిండిపోతుతనం కాదు, ఆ పేగుకు ఆగకుండా కొద్దికొద్దిగా పీచు అందాలి.

అదే పేగులోకి పిండిపదార్థం పోయి పడితే ఏమవుతుందో చూడండి. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము గుర్రం చిన్నపేగులో తక్కువ. ఒక పూటకు, ఒంటి బరువులో కిలోకు ఒక గ్రాము పిండిపదార్థం దాటకుండా చూడమని పశుపోషణ నిపుణులు చెబుతారు. 400 కిలోల గుర్రానికి అది 400 గ్రాములు. మొక్కజొన్నలో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే కాబట్టి 600 గ్రాముల గింజలతోనే ఆ హద్దు వచ్చేస్తుంది. మనం పెట్టేదేమో పూటకు రెండు కిలోలు, మూడు కిలోలు. అరగకుండా మిగిలింది వెనక పేగులోకి జారి అక్కడ లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పీచును అరిగించే సూక్ష్మజీవులు ఆ పులుపుకు చచ్చిపోతాయి, వాటినుంచి వెలువడిన విషం పేగు గోడ దాటి రక్తంలో కలుస్తుంది.

దాని ఫలితం గిట్టల్లో బయటపడుతుంది. లామినైటిస్ వచ్చిన గుర్రాన్ని ఒకసారి చూస్తే మరిచిపోలేం. ముందుకాళ్లు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. పక్కకు తిప్పాలని పగ్గం లాగితే నిప్పుల మీద అడుగు వేస్తున్నట్టు వేస్తుంది. గిట్ట మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, దానిపైన కాలి నాడి కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తుంది. గిట్ట గోడను లోపలి ఎముకకు అంటిపెట్టి ఉంచే పొరలు వాచిపోయి పట్టు వదిలేస్తున్నాయన్నమాట. యజమాని మాత్రం లాడం కొట్టినవాణ్ని తిడతాడు, సిమెంటు రోడ్డును తిడతాడు. నిన్నటి బకెట్లో ఏముందో ఎవరూ అడగరు.

ఇక ఇదే తిండి తెచ్చే శూల, అంటే కడుపునొప్పి. గుర్రానికి వాంతి కాదు, మింగింది వెనక్కి రాదు. కాలితో నేల గీరుతూ, డొక్క వైపు తిరిగి చూసుకుంటూ, పడుకుని పొర్లుతూ, లద్దె వేయకుండా ఉందంటే వెంటనే డాక్టరును పిలవాలి. వాము నీళ్లు సీసాతో గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అసలుకే మోసం వస్తుంది.

ఉలవల మీద నాకు కోపం లేదు. వాటిలో మాంసకృత్తులు 22 శాతం దాకా ఉంటాయి, పచ్చి గింజలో వాటిని అరగనివ్వని పదార్థం కూడా ఉంటుంది. ఉడికిస్తే అది చాలావరకు పోతుంది. గుగ్గిళ్లు చేసి పెట్టిన పెద్దలకు రసాయన శాస్త్రం తెలియకపోయినా వంట తెలుసు. కానీ వాళ్ల గుర్రం పొద్దుటినుంచి చీకటి పడేదాకా బండి లాగేది. జట్కా ఎక్కినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కూర్చునే చోట గోనెపట్టా కింద గడ్డి పరిచి ఉండేది. బండి స్టాండులో ఆగితే గుర్రం ముందు గడ్డి పడేది. మనం ఆ ఆచారంలో గుగ్గిళ్లను ఉంచుకుని గడ్డినీ పనినీ వదిలేశాం. వారానికి రెండు పెళ్లిళ్లకు వెళ్లి మిగతా రోజులు కట్టుకొయ్యకు ఉండే గుర్రానికి జట్కా గుర్రం దాణా దేనికి?

పరదేశపు గుర్రాన్ని మన తిండితో చంపడం కొత్త సంగతి కూడా కాదు. 13వ శతాబ్దం చివర కోరమాండల్ తీరంలోని మాబార్ గురించి చెబుతూ మార్కోపోలో, సముద్రం దాటించి ఏటా వేల గుర్రాలు కొనే రాజుల దగ్గర అవి నిలవడం లేదని, వాటికి వండిన అన్నం, మాంసం పెడుతున్నారని రాశాడు. వేడి, తేమ, వైద్యం తెలిసినవాళ్లు లేకపోవడం కూడా కారణాలే అయ్యుంటాయి. తిండి మీద ఆయన వేలు పెట్టడం మాత్రం సరైనదే.

తవుడు సంగతి ఇంకా ఘోరం. మెత్తగా ఉంటుంది, చవక, గుర్రం ఇష్టంగా తింటుంది. కానీ గోధుమ తవుడులో కాల్షియం కంటే భాస్వరం ఎనిమిది రెట్లకు పైగా ఉంటుంది, వరి తవుడులో ఆ తేడా ఇంకా ఎక్కువ. గుర్రానికి కావలసింది భాస్వరం కంటే ఎక్కువ కాల్షియం. ఆ కొరత తీర్చుకోవడానికి ఒళ్లు తన ఎముకలనే కరిగించుకుంటుంది. దవడలు, ముఖపు ఎముకలు ఉబ్బుతాయి, పళ్లు కదులుతాయి, ఏ కాలు అని చెప్పలేని కుంటు మొదలవుతుంది. ఒకప్పుడు పిండిమిల్లుల దగ్గర తవుడు మీదే బతికిన గుర్రాలకు వచ్చేది కాబట్టి యూరప్‌లో దీన్ని మిల్లువాళ్ల జబ్బు అన్నారు. మన దగ్గర దీనికి సూపర్ నేపియర్ తోడైంది. పాడి రైతులకు మేలు చేసిన గడ్డే అది, కానీ అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసి గుర్రానికి అందనివ్వవు. తవుడు, నేపియర్ రెండే పెట్టి, లూసర్న్ మేత గానీ సున్నపురాయి పొడి గానీ కలపకపోతే మనమే ఆ గుర్రం ఎముకలు గుల్ల చేసినట్టు.

తిండి వల్ల వచ్చే జబ్బులను ఇలా తిండికి అంటగట్టని మనం, తిండికి సంబంధం లేని జబ్బును మాత్రం దాని నెత్తినే రుద్దుతాం. గుర్రం జూలు దగ్గర, తోక మొదట్లో గోడకు రాసుకుని రాసుకుని వెంట్రుకలు ఊడి చర్మం మందమైతే, ఉలవల వేడి అంటారు. ఇంటర్నెట్ చూసేవాళ్లు ఫుడ్ ఎలర్జీ అంటారు, రక్తపరీక్ష చేయిస్తారు. గుర్రాల్లో నిజమైన తిండి ఎలర్జీ అరుదు, దాన్ని రక్తపరీక్షతో తేల్చలేం. అనుమానం ఉన్న పదార్థం కొన్ని వారాలు మానేసి, మళ్లీ పెట్టి చూడటం ఒక్కటే దారి. ఆ దురదకు కారణం చాలాసార్లు క్యూలికాయిడ్స్ అనే సన్నని నుసుములు. గొర్రెలు పెంచేవాళ్లకు ఇవి పాత శత్రువులే, నీలినాలుక వ్యాధిని మోసేవి ఇవే. తడి బురదలో, పేడకుప్పల్లో పెరిగి తెల్లవారుజామున, సందెవేళ కుడతాయి. వాటి లాలాజలం పడని గుర్రానికి ఆ దురద వస్తుంది. వానలు పోయి నుసుములు తగ్గితే దురదా తగ్గుతుంది, ఆ పేరు ఉలవలు మానేసినందుకు వస్తుంది. సందెవేళకు గుర్రాన్ని లోపల కట్టి ఒక ఫ్యాను పెడితే చాలా మేలు. నుసుము గాలికి ఎదురు ఎగరలేదు.

జూలు ఊడటానికి నిజంగా తిండే కారణమయ్యే సందర్భం ఒకటుంది, దాన్ని ఎవరూ అనుమానించరు. ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే సుబాబుల్ ఆకును మేకలకు వేసినట్టే గుర్రాలకూ వేస్తారు. అందులో మైమోసిన్ ఉంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు కొన్ని నెమరేసే జంతువుల పొట్టలో ఉంటాయి, గుర్రానికి ఆ రక్షణ లేదు. జూలు, తోక వెంట్రుకలు ఊడిపోతాయి, గిట్టలు కూడా చెడతాయి. దురద లేకుండా వెంట్రుకలు కుచ్చులుగా రాలుతుంటే మందు కొనేముందు మేత చూడాలి.

ఎండుగడ్డి కూడా ఎలర్జీ తెస్తుంది, అయితే పొట్టలోంచి కాదు, ముక్కులోంచి. వానలో తడిసి బూజు పట్టిన గడ్డి దుమ్ము పీల్చి గుర్రాలు నెలల తరబడి దగ్గుతాయి, ఊపిరికి డొక్కలు ఎగరేస్తాయి. మంచి గడ్డి కొనాలి, దుమ్ముంటే నీళ్లలో ముంచి పెట్టాలి. గడ్డి దండగ అనుకునేవాళ్లు ఆ రెండూ చేయరు, అసలు జబ్బు అక్కడుంది.

పరుగెత్తే గుర్రానికి గడ్డి ఒక్కటే చాలుతుందా అని పందేలవాళ్లు అడుగుతారు. చాలదు, నేనూ ఒప్పుకుంటాను. కష్టపడే గుర్రానికి దాణా కావాలి. దాన్ని మూడు నాలుగు పూటలుగా విడదీయాలి, ముందు గడ్డి వేయాలి, కొంత శక్తిని గింజలకు బదులు నూనె నుంచి ఇవ్వాలి. దాణా మార్చేటప్పుడు పది రోజులు పట్టించాలి. దాణా ఎంత ఉన్నా గడ్డి మాత్రం ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులకు తగ్గకూడదు. 400 కిలోల గుర్రానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండుగడ్డి, పచ్చిదైతే 30, 40 కిలోలు.

నగరంలో అంత గడ్డి ఎక్కడిది, ఎవరు మోస్తారు అన్న ప్రశ్న మాత్రం బరువైనది. పాతబస్తీ సందులో ఇంటి ముందే గుర్రాన్ని కట్టుకునే మనిషికి పచ్చిక లేదు. కానీ అతను దాణాకు పోస్తున్న డబ్బులో సగం గడ్డికి మళ్లిస్తే గుర్రం పొట్ట గంటల తరబడి ఖాళీగా ఉండదు. వరిగడ్డి ఒక్కటే వేసి సరిపెట్టకూడదు, అందులో సత్తువ లేదు, అరుగుదలా కష్టమే. ఊరేగింపుకు గుర్రాన్ని మాట్లాడుకునేవాళ్ల చేతిలోనూ కొంత ఉంది. బ్యాండు, లైట్లు, పూలు అన్నీ బేరమాడేటప్పుడు గుర్రం ఎక్కడ నిలబడుతుంది, దాని ముందు గడ్డి ఉంటుందా అని ఎవరూ అడగరు. సాయంత్రం ఐదుకు తెచ్చి రాత్రి పదకొండుకు పంపే జంతువుకు కల్యాణ మండపం వెనక ఒక మోపు గడ్డి, ఒక తొట్టి నీళ్లు పెట్టించి, బరాత్ మొదలయ్యేలోపు గంటసేపు తిననివ్వమని ఒప్పందంలోనే రాయించుకోండి. ఆ మోపు ఖర్చు ఒక పూలదండంత కూడా కాదు.