సూది ఎర్రగీత దాటితే

మగ్గం వదిలి టాక్సీ పట్టిన మన పేట తమ్ముళ్లకు ఈ నెల ఒక మాట. సూది ఎర్రగీత దగ్గరికి పోతే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపండి. రేడియేటర్ మూత అరగంటైనా ముట్టొద్దు, ప్రెషర్‌లో ఉన్న నీళ్లు మొహాన చిమ్ముతాయి. చల్లారాక, మూత మీద గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. నీళ్లు తగ్గితే నేను ముందు హోసులు, క్లిప్పులు తడిమి లీకు వెతుకుతాను. నీళ్లుండీ ఫ్యాన్ తిరక్కపోతే ఫ్యూజు, తర్వాత రిలే చూస్తాను. ఇంజన్ వేడిమీద పై హోసు కాలుతూ కిందిది చల్లగా ఉంటే థర్మోస్టాట్ ఇరుక్కుందనో, రేడియేటర్ పూడిందనో అనుమానం. ఆయిల్ పాలచాయలా మారిందా, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది. ఇక స్టార్ట్ చేయకుండా మేస్త్రీ దగ్గరికి లాగించండి. ఒక్క కిరాయికి ఆశపడితే ఇంజన్ పోతుంది. హప్తా మాత్రం ఆగదు.