స్వేచ్ఛా వాణిజ్యమంటే ఎవరి స్వేచ్ఛ?

ప్రభుత్వాలు సుంకాలతో, నిషేధాలతో ఏ పక్షమూ వహించకుండా సరుకును సరిహద్దు దాటనివ్వడమే స్వేచ్ఛా వాణిజ్యం. ఈ అర్థంతో చూస్తే, ఆ పేరు చెప్పి మన నెత్తిన రుద్దిన వ్యాపారంలో చాలాభాగం ఆ పేరుకు తగదు. ఆమదాలవలస పక్కనున్న పొందూరే సాక్ష్యం. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఆ తర్వాతే రాట్నం మీద నూరో నంబరు నూలు వడుకుతారు. ఇంత పనితనమున్న శ్రీకాకుళం సీమ మస్లిన్లకు ఒకప్పుడు దూరదేశాల్లోనూ పేరుండేది. అలాంటి బట్టలతో పోటీపడలేని రోజుల్లో ఇంగ్లండు స్వేచ్ఛ ఊసే ఎత్తలేదు. అద్దకం చేసిన మన నూలు బట్టలు తన ప్రజలకు అమ్మకుండా 1700లో చట్టం తెచ్చింది. 1721లో అద్దకపు నూలు బట్టలు చాలావాటిని కట్టుకోవడమే నేరం చేసింది. తన మిల్లులు బలపడ్డాక మాట మారింది. 1840లో పార్లమెంటు కమిటీ ముందుకొచ్చిన లెక్క ప్రకారం వాళ్ల నూలు బట్ట ఇక్కడికొస్తే సుంకం మూడున్నర శాతం, మన బట్ట అక్కడికెళితే 10 శాతం. 1896లో ఖజానా కోసం విదేశీ బట్ట మీద మూడున్నర శాతం వేస్తూ, అక్కడి లాంకషైరు మిల్లుదారులు నొచ్చుకోకుండా మన మిల్లు బట్ట మీదా అంతే ఎక్సైజు వేశారు.

యంత్రం ముందు చేమగ్గం ఎలాగూ నిలవదు, చౌక బట్ట పేదకు మేలే కదా అంటారు. చౌక నిజమే. కానీ ఆ యంత్రం పెరిగింది నిషేధాల నీడలో. దాని గెలుపును స్వేచ్ఛా వాణిజ్యం ఖాతాలో రాయడం చరిత్రకు అన్యాయం. అలాగని తలుపులు మూసుకోమనడం లేదు. పలాస జీడి కార్ఖానాలు ఆఫ్రికా పిక్కలు రాకపోతే ఏడాది పొడవునా నడవవు. అవే పిక్కలు తన పంట ధర పడగొడుతున్నాయని ఉద్దానం జీడి రైతు మొత్తుకుంటాడు. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఏ సరుకు, ఎంత సుంకం, ఎవరి ఉపాధి అని విడివిడిగా లెక్క చూడాలి. సూత్రం పేరు చెప్పి ఆ లెక్క దాటేయకూడదు.

2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ ఆగస్టులోనే అమెరికా మన రొయ్యతో సహా చాలా సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఇలాంటి రోజుల్లో కేంద్రం చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి ఒప్పందంలో ఏ సరుకు మీద సుంకం ఎన్నేళ్లలో ఎంత తగ్గుతుందో, అవతలి దేశం ఏమేం మినహాయించుకుందో సంతకానికి ముందే తెలుగులో ప్రకటించాలి. మన ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టి అడగాల్సింది ఇదే.