నాటకము తరగతిగదిలోనికి రావలెను

గిల్టునగలకును, పాండురంగస్వామి కార్తికోత్సవములకును పేరొందిన చిలకలపూడి పరిసరములలో పాఠశాలకును నాటకమునకును బొత్తిగా పొత్తు లేదని యెవరును అనజాలరు. కాని ఆ పొత్తు వార్షికోత్సవమునకే పరిమితమై, కంఠము చక్కగానున్న కొలదిమంది బాలురు రంగు పూసికొని అతిథులను అలరించుటతో ముగిసిపోవుచున్నది. మిగిలిన పిల్లలు ప్రేక్షకులే. నాటకము వేదిక దిగి తరగతిగదిలోనికి వచ్చి, చరిత్రకును సాంఘికశాస్త్రమునకును భాషకును బోధనాపద్ధతి కావలెనని నా విన్నపము.

ఈ సీమకిది క్రొత్త విద్య కాదు. సిద్ధేంద్రయోగి భామాకలాపమును తమ బాలురకు నేర్పెనని చెప్పుకొను కూచిపూడి మనకు అనతిదూరముననే యున్నది. అచ్చట పాత్ర ధరించు బాలుడు సాహిత్యమును రాగతాళములను అభినయమును విడివిడిగా గాక ఒక్కటిగా అభ్యసించును. అర్థమెరుగని పదమునకు అభినయము పట్టరాదు గనుక వల్లెవేయుటతో వానికి పని తీరదు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు వ్యవహార ధర్మబోధిని నాటకమును తమ విద్యార్థుల చేతనే ఆడించిరి. గుడివాడ ప్రాంతమున జన్మించి, ప్రాథమికవిద్యతోనే బడికి దూరమైన అక్కినేని నాగేశ్వరరావుగారికి రంగస్థలమే రెండవ పాఠశాల యయ్యెను. ఇతర దేశములలోను ఇట్టి ప్రయత్నము జరిగినది: ఇంగ్లండులో సాంప్టింగు అను పల్లెటూరి ఉపాధ్యాయిని హారియెట్ ఫిన్లే జాన్సన్ పిల్లలచేతనే పాఠములను నాటకములుగా కూర్పించి, ఆ యనుభవమును గ్రంథస్థము చేసెను.

ఉదాహరణకు, 1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచివేసిన ఉప్పెనలను పుస్తకమున చదివిన బాలునికి తేదీలు మాత్రమే మిగులును. అదే తరగతిలో ఒకరు హెచ్చరిక తెచ్చిన తహశీల్దారుగను, ఒకరు వల విడువలేని జాలరిగను, ఒకరు పాడిగేదెను వదలి రానను అవ్వగను నిలిచి వాదించుకొన్నచో, హెచ్చరిక విన్నవారు సైతము ఏల కదలరో, కరకట్టయు మడ అడవియు ఎంతవరకు కాపాడునో, తమంతట తామే విచారింతురు. పిమ్మట వ్రాయు వ్యాసము కంఠస్థపాఠము కానేరదు.

సిలబసు పూర్తికాదనియు పిల్లల సంఖ్య అధికమనియు ఉపాధ్యాయులు చెప్పు మాట నిజమే. అయినను త్రైమాసికమునకొక పాఠమునకు రెండు పీరియడ్లు చాలును. తెరలును వేషములును అక్కరలేదు. 2020 జాతీయ విద్యావిధానము కళలతో మేళవించిన బోధనను కోరుచున్నది గాన, ఉపాధ్యాయశిక్షణలో దీనికి చోటు కల్పించుట ప్రభుత్వ ధర్మము. ప్రదర్శనకు వచ్చిన చప్పట్లను గాక, అది ముగిసినపిదప పిల్లలడిగిన ప్రశ్నలను బట్టియే ఈ పద్ధతి విలువ కట్టవలెను.